బరువు తగ్గే ఇంజెక్షన్‌కి ముందు మీ మాత్రల డబ్బా తెరవండి

(విజయవాడలో ఉదయపు నడకకు వచ్చేవారి కోసం పెట్టిన ఆరోగ్య సభలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం, సభికుల ప్రశ్నలతో సహా)

వెనక వరుసలో వినిపిస్తోందా అండీ? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

పిలిచినవాళ్లు నన్ను "స్థూలకాయం, కారణాలు, నివారణ" అని మాట్లాడమన్నారు. కారణాలు నేను చెప్పాలా? నడక అయ్యాక నేరుగా ఇంటికి వెళ్తున్నారో, నెయ్యి ఇడ్లీ దగ్గర ఆగుతున్నారో మీకే తెలుసు. (నవ్వులు) అందుకని ఆ సబ్జెక్టు పక్కన పెడుతున్నాను. ఈమధ్య సూర్యారావుపేటలో ఏ డాక్టరు గది ముందు కూర్చున్నా ఒకటే మాట వినిపిస్తోంది. "డాక్టరుగారూ, ఆ ఇంజెక్షన్ నేను వేసుకోవచ్చా?" ఇవాళ దాని గురించే చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇవి మంచి మందులు. అవసరమైనవారికి నేనూ రాస్తున్నాను. కానీ ఇబ్బంది పడి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి అడిగితే, చాలాసార్లు తప్పంతా ఇంజెక్షన్‌ది కాదు. అప్పటికే మింగుతున్న షుగరు మాత్ర, బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర ఏవీ మార్చకుండా, వాటి పైన దీన్ని చేర్చారు. రాసినవాళ్లకి ఆ మాత్రల సంగతి తెలియదు, వాడేవాళ్లు చెప్పలేదు. కొందరికైతే రాసినవాళ్లే లేరు, తోడికోడలు వాడిందని తెప్పించుకున్నారు. కాబట్టి ఈ మందు మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందు చేయాల్సింది ఇంట్లో ఉన్న మాత్రల డబ్బా, ఆయుర్వేదం, హోమియో, పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద పోయడం. సిగ్గుపడకండి. మేము అన్నీ చూశాం.

అసలు ఇదేం మందో రెండు ముక్కల్లో చెబుతాను. అన్నం తిన్నాక మన పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ బయటికి వస్తుంది. రక్తంలో షుగరు పెరిగినప్పుడు ఇన్సులిన్ ఊరేలా చేస్తుంది, కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తుంది, ఇక చాలని మెదడుకి కబురు పంపుతుంది. ఒంట్లో పుట్టేది నిమిషాల్లోనే కరిగిపోతుంది. అలా కరగకుండా వారం రోజులు నిలిచేట్టు తయారుచేసినదే సెమాగ్లూటైడ్. టిర్జెపటైడ్ అయితే దీనితో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోన్ పనీ చేస్తుంది. ఈ కుటుంబంలో తొలి మందుకి మూలం ఎక్కడ దొరికిందో తెలుసా? అమెరికా ఎడారుల్లో ఉండే గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో. ఎక్సెనటైడ్ అనే ఆ మందు 2005లో షుగరు కోసం వచ్చింది. మన ఇళ్లలో బల్లి పడితే పరిగెత్తి తలస్నానం చేస్తాం, అక్కడ మందు చేశారు. (నవ్వులు)

మన దేశంలో సెమాగ్లూటైడ్ మాత్ర రైబెల్సస్ పేరుతో 2022లో వచ్చింది. టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మౌంజారో 2025 మార్చిలో, బరువు కోసమే ఉద్దేశించిన సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ వెగోవి అదే ఏడాది జూన్‌లో వచ్చాయి. 2026 మార్చిలో ఇక్కడ సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు తీరింది. మన కంపెనీలు చవకగా తయారుచేసుకునే దారి పడింది. మంచిదే. ధర దిగితే నిజంగా అవసరమైన మామూలు జనానికి అందుతుంది. అవసరం లేనివాళ్ల చేతికీ అంతే తేలిగ్గా అందుతుంది, నా టెన్షన్ అక్కడ.

ఎంత తగ్గుతారంటే, 2021లో వచ్చిన పెద్ద పరీక్షలో సెమాగ్లూటైడ్ పూర్తి డోసు వాడినవాళ్లు 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం తగ్గారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసుకున్నవాళ్లు 2.4 శాతం తగ్గారు. రెండు గుంపులకీ తిండి, వ్యాయామం సలహాలు ఇచ్చారు. టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాల్లో దాదాపు 21 శాతం. అంటే 90 కిలోల మనిషి సెమాగ్లూటైడ్‌తో ఏడాది దాటాక ఓ 13 కిలోలు తగ్గవచ్చు. నెలకి పది కిలోలని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఎవరికి ఇవ్వాలి? కంపెనీ కాగితం ప్రకారం బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గట్టు బరువు చూసే లెక్క, 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నవారికి, లేదా 27 గానీ ఆ పైన గానీ ఉండి షుగరో బీపీయో కూడా ఉన్నవారికి. మన భారతీయుల ఒంటి తీరుకి 25 నుంచే స్థూలకాయం కింద లెక్క. నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదంటాం. అయినా 25 దాటిన ప్రతివారికీ ఇంజెక్షన్ కావాలని కాదు. మూడు కిలోలు తగ్గి పాత జాకెట్టులో మళ్లీ పట్టాలనుకునే అమ్మకి నేనిది రాయను.

ఎవరు ముట్టుకోకూడదు? మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ అని ఒక అరుదైన రకం ఉంది. అది తమకి గానీ ఇంట్లో రక్తసంబంధీకులకి గానీ వచ్చి ఉంటే వద్దు. ఎంఈఎన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నా వద్దు. ఎలుకల్లో ఈ మందుతో థైరాయిడ్ గడ్డలు కనిపించాయి కాబట్టి ఈ జాగ్రత్త. ఈ మాట అనగానే సగం మంది చేతులెత్తుతారు, "నాకు థైరాయిడ్ ఉందండీ" అని. మీరు పొద్దున్నే వేసుకునే థైరాయిడ్ మాత్రకీ ఆ క్యాన్సర్‌కీ సంబంధం లేదు. హైపోథైరాయిడ్ ఉన్నవాళ్లు వాడవచ్చు. పాంక్రియాస్, అంటే క్లోమం, వాపు ఇదివరకు వచ్చినవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, షుగరు వల్ల కడుపు కదలిక మందగించినవాళ్లు మాత్రం ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

ఇప్పుడు డబ్బా తెరుద్దాం.

మొదట షుగరు మాత్ర. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ అని ఉంటాయి. చాలామందికి విడిగా ఉండవు, మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తాయి. "నేను వాడేది ఒకటే మాత్రండీ" అంటారు, ఆ ఒక్కదానిలో రెండు మూడు మందులుంటాయి. అట్ట వెనక పేర్లు చదవండి. ఈ గ్లిమెపిరైడ్ రకం, మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని పిండుతుంది. ఇంజెక్షన్ మొదలయ్యాక మీరు తినేది సగమవుతుంది. మాత్ర మాత్రం నిన్నటి డోసే. ఇక షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, తెలియని కోపం, మాట తడబడటం. ఇన్సులిన్ వేసుకునేవారికీ ఇదే ప్రమాదం. అందుకే ఇంజెక్షన్ మొదలుపెట్టే రోజే ఆ మాత్రనో ఇన్సులిన్‌నో తగ్గించాలా అన్నది మేము చూస్తాం. మీ అంతట మీరు ఆపకండి, పాత డోసే కొనసాగించనూ వద్దు. జేబులో గ్లూకోజు పొడో చక్కెరో ఉండాలి. ఏకాదశి, కార్తీక సోమవారం, రంజాన్ రోజా, ఏ ఉపవాసమైనా ముందుగా అడిగి ఉండండి.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనేవి ఇంకో రకం. మూత్రంలో చక్కెరని పంపించేస్తాయి. ఇవి వాడుతూ ఇంజెక్షన్ వల్ల వాంతులు పట్టుకుని ఏమీ తినలేకపోతే, షుగరు రీడింగు మరీ ఎక్కువగా లేకపోయినా రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి మనిషి పడిపోవచ్చు. తినలేని రోజున ఆ మాత్ర ఆపాలా అని ఫోన్ చేసి అడగండి.

బీపీ మాత్ర సంగతి మెల్లగా తెలుస్తుంది. పది కిలోలు తగ్గిన మనిషికి పాత డోసు ఎక్కువవుతుంది. మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతాయి. అందులో నీరు పోయే మందు కలిసి ఉంటే, పైగా విరేచనాలు పట్టుకుంటే, ఇది బెజవాడ, మే నెల! రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతినడం ఈ మందులతో నిజంగా ఉన్న ప్రమాదం. ఎండాకాలంలో డోసు పెంచాలంటే నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. మూత్రం రంగు ముదిరిందంటే నీళ్లు చాలడం లేదనే.

థైరాయిడ్ మాత్ర దగ్గర ఒక చిక్కుంది. అది పరగడుపున వేసుకోవాలి. సెమాగ్లూటైడ్ మాత్ర కూడా పరగడుపునే, 120 మిల్లీలీటర్లకి మించని మంచినీళ్లతో మింగి, మరో అరగంట ఏమీ తినకుండా, కాఫీ కూడా తాగకుండా, వేరే మాత్ర వేసుకోకుండా ఉండాలి. రెండూ ఒకేసారి గుప్పెట్లో పోసుకుని మింగితే కుదరదు. ఏది ఎప్పుడో మీ డాక్టరు చేత రాయించుకోండి, రెండు మూడు నెలలకి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. బరువు తగ్గాక ఆ డోసూ మారవచ్చు.

షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు మొదలుపెట్టేముందు కంటి డాక్టరుకి చూపించుకోవాలి. షుగరు ఒక్కసారిగా దిగినప్పుడు కొందరిలో రెటీనా జబ్బు ముదురుతుంది. చాలా అరుదుగా సెమాగ్లూటైడ్‌తో కంటినరానికి రక్తం అందక చూపు పోతుందని యూరప్ మందుల సంస్థ 2025లో హెచ్చరించింది. పదివేల మందిలో ఒకరికి రావచ్చన్నారు. భయపడి మానేయాల్సినంత కాదు. అయితే ఒక కంటికి హఠాత్తుగా చూపు మసకబారితే మర్నాటిదాకా ఆగకూడదు.

ఇక డోసు. వెగోవి 0.25 మిల్లీగ్రాములతో మొదలై నాలుగేసి వారాలకి 0.5, 1, 1.7, చివరికి 2.4కి వెళ్తుంది. మౌంజారో 2.5తో మొదలై నాలుగు వారాల తర్వాత 5. ఆ పైన అవసరమైతే రెండున్నర చొప్పున 15 దాకా. మొదటి నెల డోసు బరువు తగ్గడానికి కాదు, కడుపుకి అలవాటు కావడానికి. మన దుర్గమ్మ కొండకి మెట్ల దారిన ఎక్కేవాళ్లలాగే, ఒక మెట్టు మీద ఆయాసం తీరాకే పై మెట్టు. "నెలైనా కిలో కూడా తగ్గలేదు, రెండు డోసులు కలిపి వేసుకోనా?" అని అడుగుతారు. వద్దు. వికారం తగ్గకపోతే అదే మెట్టు మీద ఇంకో నెల ఉండవచ్చు, దిగనూ వచ్చు. చిన్న డోసులోనే బరువు బాగా తగ్గుతుంటే పై మెట్టు ఎక్కే తొందరేమీ లేదు.

పెన్ను అంటే మందు నింపి వచ్చే ఇంజెక్షన్. చాలా పెన్నుల్లో డోసు అందులోనే కుదిరి ఉంటుంది. వయల్ అంటే చిన్న గాజు సీసా. అందులోంచి సిరంజితో తీసుకునేటప్పుడు గొడవ వస్తుంది. ఇన్సులిన్ సిరంజి మీద ఉండేవి యూనిట్లు, చీటీలో ఉండేది మిల్లీగ్రాములు. ఒక కంపెనీ సీసాలో మందు చిక్కదనం వేరు, ఇంకోదానిలో వేరు. పాత సీసాకి గుర్తుపెట్టుకున్న గీత కొత్త సీసాకి పనికిరాదు. బ్రాండు మారిన ప్రతిసారీ గీత ఎక్కడిదాకా లాగాలో నర్సు చేత చూపించుకుని కాగితం మీద రాయించుకోండి. ఒక పెన్ను ఇద్దరు వాడకండి, సూది మార్చినా సరే. భార్యాభర్తలైనా సరే.

తిండి గురించి మీకు నేను చెప్పేదేముంది అనుకోకండి, ఇది మామూలు డైటింగు కాదు. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతోంది. మధ్యాహ్నం తిన్న బిర్యానీ రాత్రికీ అక్కడే కూర్చుంటుంది. మిర్చిబజ్జీలు, నూనె తేలే కూరలు, ఆవకాయ కలిపిన పెద్ద ముద్దలు వికారాన్ని రెట్టింపు చేస్తాయి. కొంచెం కొంచెంగా తినండి, కడుపు నిండినట్టు అనిపించగానే చెయ్యి కడుక్కోండి. మన పెళ్లి భోజనాల్లో "ఇంకొక్కటి, మా మీద ఒట్టు" అని విస్తట్లో వేస్తారు చూశారూ, ఆ మర్యాద ఈ మందు వాడేవాళ్లకి వాంతి తెప్పిస్తుంది. వడ్డించేవాళ్లు దయచేసి అర్థం చేసుకోండి.

కొందరు దీనికి ఎదురుగా వెళ్తారు. ఆకలి లేదు కదా అని రోజంతా మజ్జిగ మీద గడిపేస్తారు, కాటా మీద అంకె దిగుతుంటే సంబరం. తగ్గేదంతా కొవ్వు కాదండీ, కండ కూడా పోతుంది. అరవై దాటినవాళ్లకి పోయిన కండ తిరిగి రావడం కష్టం. మోకాళ్లలో బలం తగ్గి బాత్రూములో పడితే, తగ్గిన పది కిలోలు ఏం చేసుకుంటాం? ప్లేట్లో ముందు గుడ్డో, చేపో, పెసరట్టో, గట్టిపప్పో, పెరుగో తినండి. అన్నం ఆఖర్న. కిలో బరువుకి ఒక గ్రాము ప్రోటీన్ కనీసం అందాలి, ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది, లెక్క వేసుకోండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఈ లెక్క నన్ను చూసి కాదు, మీ డాక్టర్నడిగి వేసుకోండి. నడక ఒక్కటే సరిపోదు, బరువులెత్తాలి. నీళ్ల సీసాలైనా పర్లేదు.

ఇప్పుడు పెళ్లిళ్ల మాట. దీనిమీద కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఆడపిల్లల తల్లులు చాలామంది ఉన్నారిక్కడ. ముహూర్తం పెట్టుకున్నాక "ఈ మూడు నెలల్లో అమ్మాయి సన్నబడాలి" అని తీసుకొస్తున్నారు. మూడు నెలల్లో రెండు నెలలు అలవాటు డోసుల్లోనే గడిచిపోతాయి. అది అటుంచండి. గర్భంతో ఉండగా ఈ మందులు వాడకూడదు. పిల్లలు కావాలనుకునేవాళ్లు సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. పెళ్లి దాకా ఇంజెక్షన్, పెళ్లయిన నెలకే శుభవార్త అనుకుంటే లెక్క ఎక్కడ కుదురుతుంది? పీసీఓడీ, అంటే అండాశయాల సమస్య, ఉన్న అమ్మాయిలకి ఇంకో సంగతి. బరువు తగ్గగానే అండం విడుదల కావడం మళ్లీ మొదలవుతుంది. "నాకు నెలసరే సరిగ్గా రాదు, గర్భం ఎక్కడొస్తుంది" అనుకున్నవాళ్లు అనుకోకుండా గర్భవతులవుతారు. పైగా టిర్జెపటైడ్ వల్ల గర్భనిరోధక మాత్ర సరిగా ఒంటికి పట్టకపోవచ్చు. మొదలుపెట్టిన తర్వాత నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు కండోమ్ లాంటిది కూడా వాడాలి. ఈ మాట అమ్మాయికి డాక్టరు విడిగా చెప్పాలి. అమ్మగారూ, ఆ అయిదు నిమిషాలు మీరు బయట కూర్చోండి.

ఏ లక్షణానికి పరిగెత్తాలి? వికారం, మలబద్ధకం, త్రేన్పులు చాలామందికి వస్తాయి, వారాల్లో సర్దుకుంటాయి. జుట్టు రాలడం ఒంటి బరువు వేగంగా తగ్గడం వల్ల, అదీ ఆగుతుంది. కానీ పై కడుపులో ఆగని నొప్పి, అది వీపులోకి పొడుచుకుపోవడం, దానితో వాంతులు, అది పాంక్రియాస్ కావచ్చు. గ్యాసు మాత్ర వేసుకుని పడుకోకండి. డొక్క కుడివైపు నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం అయితే పిత్తాశయం. నీళ్లు కూడా నిలవకుండా వాంతులైతే అదే రోజు చూపించుకోవాలి. ఇవి చూశాక తర్వాతి ఇంజెక్షన్ వేసుకోవద్దు, ముందు డాక్టరు దగ్గరికే.

పొడుల సంగతి ఒక్క మాటలో. "మూలికలతో నెలకి ఎనిమిది కిలోలు" అని అమ్మేవాటిలో సిబుట్రమిన్ అనే మందు కలిపి దొరకడం వివిధ దేశాల్లో పదే పదే బయటపడింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని అమెరికాలో 2010లో, మన దగ్గర 2011లో దాన్ని ఆపేశారు. ఇంజెక్షన్లలో కూడా నకిలీలున్నాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో నకిలీ సెమాగ్లూటైడ్ గురించి హెచ్చరించింది. బిల్లు ఇచ్చే మెడికల్ షాపులోనే, చీటీ మీదే కొనండి. బిల్లు వద్దంటే తగ్గిస్తానన్నవాడి దగ్గర ఫ్రిజ్ ఉందో లేదో కూడా మీకు తెలియదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: ఎంతకాలం వేసుకోవాలండీ? తగ్గాక ఆపేయొచ్చా?)

ఆపవచ్చమ్మా, కానీ బరువు తిరిగొస్తుంది. నేను చెప్పిన 68 వారాల పరీక్షలో, ఆపిన తర్వాత ఏడాదిలో తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. మొదటి నెల ఖర్చు చూసి మొదలుపెట్టకండి, రెండు మూడేళ్లు భరించగలమా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

(ఒక పెద్దాయన: వచ్చే నెల నాకు హెర్నియా ఆపరేషన్ ఉంది. ఇంజెక్షన్ వాడుతున్నాను.)

సర్జన్‌కి ఒక్కరికే కాదు మాస్టారూ, మత్తు ఇచ్చే డాక్టరుకి కూడా చెప్పండి. ఆరేడు గంటలు ఏమీ తినకపోయినా మీ కడుపులో ఆహారం మిగిలి ఉండవచ్చు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. ముందు రోజంతా ద్రవాలే తీసుకోమనవచ్చు, డోసు వాయిదా వేయమనవచ్చు, అది వాళ్లు నిర్ణయిస్తారు. ఎండోస్కోపీకి వెళ్లినా ఇదే.

(ఇంకొకరు: కరెంటు పోతే ఫ్రిజ్‌లో మందు పాడవుతుందా?)

గంటా రెండు గంటలకి ఏమీ కాదు, తలుపు తీయకుండా ఉంచండి. తెరవని పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. 30 డిగ్రీలు మించకుండా బయట పెట్టగలిగితే కొన్ని వారాలు ఉంటాయంటారు. మన ఊళ్లో ఏసీ లేని గదిలో వేసవిలో 30 డిగ్రీలెక్కడ? స్కూటరు డిక్కీలో పెట్టి బీసెంట్ రోడ్డులో షాపింగు చేసి వస్తే ఆ మందు వాడకండి. ఫ్రీజరుకి ఆనించి పెట్టడమూ తప్పే. ఒకసారి గడ్డకడితే పారేయడమే, కరిగించి వేసుకోకూడదు.

(ఒక మహిళ: మేము మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం, ఆర్నెల్లు. మధ్యలో మరిచిపోతే?)

సెమాగ్లూటైడ్ అయితే మరిచిన రోజు నుంచి అయిదు రోజుల్లోపు, టిర్జెపటైడ్ అయితే నాలుగు రోజుల్లోపు గుర్తొస్తే వేసేసుకోండి. దాటితే ఆ వారం వదిలేసి మామూలు రోజునే వేసుకోండి. రెండు కలిపి వద్దు. వరసగా రెండు మూడు వారాలు తప్పితే పాత పెద్ద డోసుతో మొదలుపెట్టకూడదు, ఫోన్ చేయండి, కింది మెట్టు నుంచి ఎక్కాల్సి రావచ్చు. విమానంలో చెకిన్ సూట్‌కేసులో పెట్టకండమ్మా, అక్కడ చలికి గడ్డకట్టవచ్చు. చేతిసంచిలో, చల్లటి ప్యాకు పక్కన, ఐసు నేరుగా తగలకుండా, చీటీతో సహా. చీటీలో మందు అసలు పేరు, డోసు మిల్లీగ్రాముల్లో టైపు చేయించి తీసుకెళ్లండి, నా చేతిరాత అక్కడివాళ్లకి అర్థం కాదు.